హారర్ రీమేకులు: హాల్లో ఎందుకు భయం వేయడం లేదు?

నేలక్లాసు | శనివారం, రాత్రి 1:40

ఇప్పుడే కూకట్‌పల్లిలో సెకండ్ షో చూసి ఇంటికి వచ్చాను. భయం వేసి నిద్ర పట్టకపోతే సంతోషించేవాణ్ణి. బాధ వేసి పట్టడం లేదు, అందుకే ఈ పోస్టు.

సినిమా పేరు రాయను. మొన్న శుక్రవారమే విడుదలైంది, ఇంకా ఆడుతోంది, పనిచేసినవాళ్ళ పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేదు. వేరే దేశంలో పేరు తెచ్చుకున్న హారర్ సినిమాకి రీమేక్ అని మాత్రం చెబుతాను. హాలు సగం నిండింది. మొదటి పావుగంట అందరూ బుద్ధిగా చూశారు. తర్వాత ముందు వరసలో కుర్రాళ్ళు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు అనేసరికి దెయ్యం వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ వచ్చింది. ఇంటర్వెల్ తర్వాత నా పక్కాయన ఫోన్ తీసి క్రికెట్ స్కోరు చూసుకుంటూ కూర్చున్నాడు.

1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. చిక్కడపల్లిలో మా బాబాయి వాళ్ళింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఆ సినిమా చూసొచ్చాక వారం రోజులు పెరట్లో బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్ళలేదు. పిన్ని లాంతరు పట్టుకుని బయట నిలబడేది. ఆ సినిమాలో ఏముంది? కొత్తగా దిగిన ఇల్లు, ఒక పిల్లి, రేవతి చూపు. మా సందులోనూ పిల్లులు తిరిగేవి. మేమూ ఆ ఇంటికి కొత్తగానే దిగాం. నా భయమంతా అక్కడి నుంచి వచ్చింది.

నిన్నటి సినిమాలో ఇల్లు ఏ ఊళ్ళో ఉందో తెలియలేదు. గోడ మీద దేవుడి పటం లేదు, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ లేదు, అమ్మాయికి గాలి సోకితే ఇంట్లో ఒక్కరూ ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోయలేదు. నేరుగా మంత్రగాడి దగ్గరికి పరిగెత్తారు. ఆయన నల్ల బట్టలు వేసుకుని నాకు అర్థంకాని భాషలో ఏదో చదివాడు. వాళ్ళ దేశంలో ఆ పూజ నిజంగా ఉందేమో. మన దగ్గర దాన్ని చూసి ఎవరు వణుకుతారు?

మీ అందరినీ అడుగుతున్నాను. మనమే మొద్దుబారిపోయామా, లేక సినిమాలు ఖాళీ అయిపోయాయా?

సబ్‌టైటిల్‌పిచ్చి | శనివారం, రాత్రి 2:05

అన్నా, ఒరిజినల్ నేను రెండుసార్లు చూశాను. మా హాస్టల్లో సగం మంది చూశారు. రీమేక్ అనగానే ఏ తలుపు వెనక ఏముందో ముందే తెలుసు, ఇక భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఒకప్పుడు థాయ్ సినిమా 'షట్టర్' మన దగ్గర చూసినవాళ్ళు తక్కువ. 2004లో వస్తే, తమిళంలో 'శివి', హిందీలో 'క్లిక్', అమెరికాలో ఇంకొకటి, అన్నీ దాన్నే మళ్ళీ తీసుకున్నాయి. ఇప్పుడు ఏ దేశం సినిమా అయినా నెల తిరక్కుండా ఓటీటీలో సబ్‌టైటిల్స్‌తో వచ్చేస్తోంది. నా ఉద్దేశంలో హారర్ రీమేక్ అనే పద్ధతికే కాలం చెల్లింది.

నేలక్లాసు | శనివారం, రాత్రి 2:11

తమ్ముడూ, తెలిసిన కథ భయపెట్టదంటే నేను ఒప్పుకోను. మా అమ్మమ్మ కొరివి దెయ్యం కథ ఒక్కటే వందసార్లు చెప్పింది. వందోసారి కూడా దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

మిక్సింగ్‌రూమ్ | శనివారం, ఉదయం 10:30

పదకొండేళ్ళుగా కృష్ణానగర్ దగ్గర ఒక స్టూడియోలో సౌండ్ పని చేస్తున్నాను. మీ ఇద్దరి మాటల్లో రాని విషయం ఒకటుంది. కొంచెం పొడుగ్గా రాస్తాను.

హారర్‌కి ముఖ్యం నిశ్శబ్దం. నిశ్శబ్దమంటే శబ్దమే లేకపోవడం అనుకోకండి. ఫ్యాన్ తిరిగే చప్పుడు, దూరంగా కుక్క, పక్కింటి టీవీ, గోడ గడియారం, ఇవన్నీ ఒక్కొక్కటిగా తగ్గుతూ వస్తే ఒంట్లో వణుకు పుడుతుంది. 2009లో తమిళంలో 'ఈరం' వచ్చింది, తెలుగులో 'వైశాలి'గా 2011లో విడుదలైంది. అందులో నీళ్ళ చప్పుడునే దెయ్యం చేశారు. ఆ సినిమా చూశాక మా రూమ్‌లో కారే కొళాయిని నేనే బాగుచేయించాను.

రీమేక్ మా దగ్గరికి ఎలా వస్తుందో చెబుతాను. ఎడిటింగ్‌లోనే ఒరిజినల్ సినిమా మ్యూజిక్ ముక్కలు ఎత్తి పెట్టేస్తారు. డైరెక్టర్, ప్రొడ్యూసర్ ఆ ముక్కలతోనే నెలల తరబడి సినిమా చూస్తారు, వాళ్ళ చెవులు దానికి అలవాటు పడిపోతాయి. ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) కోసం కూర్చున్న మ్యూజిక్ డైరెక్టర్ కొత్తగా ఏదైనా చేస్తే "అదేంటి, ఆ ఫీల్ రాలేదు" అంటారు. చివరికి ఆ ముక్కలకే కొంచెం రంగు మార్చి ఇవ్వాల్సి వస్తుంది. కుర్రాళ్ళు లెక్కపెట్టగలిగారంటే కారణం ఇదే. నిశ్శబ్దం, నిశ్శబ్దం, ధడేల్. ఈ కొలత ఇరవై సినిమాల్లో విని విని వాళ్ళ ఒంటికి పట్టేసింది.

ఇంకో బాధ థియేటర్ వైపు నుంచి. మేము మిక్సింగ్ చేసేటప్పుడు డోల్బీ ప్రాసెసర్ మీద ఫేడర్, అంటే వాల్యూమ్, 7 దగ్గర పెట్టి చేస్తాం. హాల్లో కూడా 7 దగ్గరే వేస్తే మేము విన్నదే మీరూ వింటారు. నేను వెళ్ళిన హాళ్ళలో చాలాచోట్ల 5, ఒక్కోచోట 4.5 ఉంటుంది. సౌండ్ ఎక్కువైందని ఎవరో కంప్లైంట్ చేస్తారు, ఆపరేటర్ తగ్గిస్తాడు, తర్వాత సినిమాకి మళ్ళీ పెంచేవాళ్ళుండరు. ఫేడర్ తగ్గితే ధడేల్ చప్పుడు ఎలాగూ వినిపిస్తుంది. పోయేది మేము రాత్రుళ్ళు కూర్చుని పేర్చిన చిన్న చిన్న చప్పుళ్ళే. ఊపిరి, గజ్జెల మువ్వ, చెక్క కిర్రుమనడం, ఇవన్నీ ఏసీ హోరులో కలిసిపోతాయి. అప్పుడు ప్రొడ్యూసర్ తర్వాతి సినిమాకి "ధడేల్ ఇంకా పెంచండి" అంటాడు.

నేలక్లాసు గారూ, మీరు చూసిన సినిమాకి మేము పనిచేయలేదు. కానీ మీరు అందులో సగమే విని ఉంటారని నా అనుమానం.

బోడుప్పల్‌అమ్మ | శనివారం, మధ్యాహ్నం 12:15

మిక్సింగ్‌రూమ్ గారూ, ఈ ఫేడర్ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మనం ఆపరేటర్‌ని అడగొచ్చా?

మిక్సింగ్‌రూమ్ | శనివారం, మధ్యాహ్నం 12:20

తప్పకుండా అడగొచ్చు అమ్మా. షో మొదలయ్యే ముందు మేనేజర్ దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడగండి. "ఫేడర్ ఎంత మీద ఉంది, కొంచెం పెంచుతారా" అంటే చాలు. చాలామంది ఆపరేటర్లకి సినిమా అంటే ప్రాణం. అడిగేవాళ్ళు లేక ఊరుకుంటారు.

మలక్‌పేట్‌అక్క | శనివారం, సాయంత్రం 5:40

పొద్దుటి నుంచి చదువుతున్నాను. తెలిసిన కథ భయపెట్టదన్న తమ్ముడికి ఒక ఉదాహరణ చెప్పాలని కూర్చున్నాను.

మా ఆయన ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్ళు కొచ్చిలో ఉన్నాం, మలయాళం అక్కడే వంటబట్టింది. ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళ్' 1993లో వచ్చింది, కథ మధు ముట్టం గారిది. మన దేశంలో ఇన్ని భాషల్లోకి వెళ్ళిన దెయ్యం కథ నాకు తెలిసి ఇంకోటి లేదు. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర', 2005లో తమిళంలో 'చంద్రముఖి', అదే ఏడాది బెంగాలీలో 'రాజ్‌మొహల్', 2007లో హిందీలో 'భూల్ భులయ్యా'. వీటిలో చాలావరకు బాగా ఆడాయి. ఒకే కథ ఇన్నిసార్లు ఎలా పట్టిందని నేను చాలాకాలం ఆలోచించాను.

మలయాళం సినిమాలో గంగ కేరళ ఇంటి కోడలు. ఆ ఇంట్లో పాతకాలపు నర్తకి నాగవల్లి కథ ఒకటుంది, ఆవిడ తంజావూరు నుంచి వచ్చిన తమిళమ్మాయి. శోభన గారు గంగగా మలయాళం మాట్లాడుతూ మాట్లాడుతూ నాగవల్లిగా మారినప్పుడు నోట్లోంచి తమిళం వస్తుంది. అక్కడ హాల్లో కూర్చున్న మలయాళీకి అసలు దడ ఆ క్షణంలో పుట్టింది. రోజూ అన్నం వడ్డించే మన ఇంటి పిల్ల నోట, సరిహద్దు అవతలి భాష. పూర్తిగా తెలియని భాష కాదు, సగం అర్థమయ్యే భాష. అది ఇంకా భయం.

తమిళంలోకి తీసుకెళ్ళినప్పుడు పి. వాసు గారు ఈ సంగతి గట్టిగా పట్టుకున్నారు. తమిళ ప్రేక్షకులకు తమిళం మాట్లాడే దెయ్యాన్ని చూపిస్తే ఏముంటుంది? అందుకని చంద్రముఖిని తెలుగమ్మాయిని చేశారు. జ్యోతిక గారు తెలుగులో మాట్లాడతారు, 'రా రా' పాట తమిళ సినిమాలో తెలుగు పాట. కన్నడంలోనూ అంతే, అక్కడ నర్తకి తెలుగమ్మాయే. హిందీలో మంజులిక బెంగాలీ, విద్యా బాలన్ నోట బెంగాలీ వస్తుంది, పాట కూడా బెంగాలీలోనే మొదలవుతుంది.

మరి 'చంద్రముఖి' తెలుగులోకి డబ్ అయినప్పుడు ఏం చేశారో గుర్తుందా? తెలుగువాళ్ళకి తెలుగు పాట పెడితే లాభం లేదని, ఆ చోట తమిళంలో 'వారాయ్' అని పాడించారు. నేను హైదరాబాద్‌లో సెలవులకి వచ్చి ఆ డబ్బింగ్ చూశాను. మా చెల్లెలు నా చేయి గట్టిగా పట్టుకుంది. నాకు ఆ క్షణంలో ఎంతో సంతోషం వేసింది. ఎవరో ఒకరు, పేరు కూడా నాకు తెలియని మనిషి, ఒక గదిలో కూర్చుని "మనవాళ్ళకి ఏ భాష వినిపిస్తే వణుకు పుడుతుంది" అని ఆలోచించాడు. రీమేక్ చేయడమంటే అదీ. తలుపులూ తాళాలూ పల్లకీలూ తెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు.

2010లో తెలుగులో 'నాగవల్లి' సినిమా వచ్చేసరికి ఆ కొత్తదనం నాకు అందలేదు. ఆ తర్వాత వచ్చిన 'చంద్రముఖి 2' గురించి మాట్లాడను.

సబ్‌టైటిల్‌పిచ్చి | శనివారం, సాయంత్రం 6:02

అక్కా, ఇది చదివి ఇప్పుడే రెండు పాటలూ పక్కపక్కన పెట్టి విన్నాను. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఒక్క డౌటు. 'మణిచిత్రతాళ్' అసలు హారర్ కాదు కదా? చివరికి అది మానసిక వ్యాధి అని డాక్టరే తేలుస్తాడు.

మలక్‌పేట్‌అక్క | శనివారం, సాయంత్రం 6:30

చివరి పావుగంటలో ఏం తేలిందన్నది వేరు నాన్నా. అప్పటిదాకా రెండు గంటలు నువ్వు ఏం పడ్డావు అన్నదాన్నిబట్టి చెప్పాలి. నేను పడ్డది భయమే.

హుస్సేనీఆలం | శనివారం, రాత్రి 9:15

అందరికీ సలాం. అక్క గారు భాష గురించి రాసింది చదివి ఆగలేకపోయాను. మాది పాతబస్తీ. ఇంట్లో ఉర్దూ, స్కూల్లో తెలుగు.

2022లో 'మసూద' చూడటానికి నేనూ మా తమ్ముడూ వెళ్ళాం. పోస్టర్లో బురఖాలో దెయ్యం. దాచకుండా చెబుతాను, టికెట్ కొనేటప్పుడు మనసు కష్టంగానే ఉంది. సినిమాల్లో మావాళ్ళు టెర్రరిస్టులుగా వచ్చి వచ్చి ఇప్పుడు దెయ్యంగా కూడానా అనుకున్నాను. సినిమా నడిచేకొద్దీ నా మనసు మారింది. సంగీత గారి పాత్ర ఒంటరి తల్లి, ఆమె కూతురికి సోకింది. పక్క ఫ్లాట్‌లో పిరికి కుర్రాడు, తిరువీర్ చేశాడు. వాళ్ళకి సాయానికి వచ్చేది పీర్ బాబా, శుభలేఖ సుధాకర్ గారు. దువా ఉంది, కట్టుబాట్లున్నాయి. హిందూ తల్లి దర్గా దగ్గరికి పరుగెత్తడం ఈ ఊళ్ళో ఎవరికైనా కొత్తా? గురువారం సాయంత్రం మా వీధి చివర దర్గా దగ్గర నిలబడి చూడండి. బొట్టు పెట్టుకున్న తల్లులు పిల్లల్ని ఎత్తుకుని తాయత్తు కోసం లైన్లో ఉంటారు. చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గకపోతే మా అమ్మీ దువా చదివి ఊదించేది, పక్కింటి పెద్దమ్మ వచ్చి దిష్టి తీసేది. ఏది పనిచేసిందో ఎవరూ అడగలేదు.

సాయికిరణ్ గారు ఆ ఊరిని తీశారు. ఇది ఏ సినిమాకీ రీమేక్ కాదు. పెద్ద హీరో లేడు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్, కారిడార్, పక్కింటి తలుపు, ఇంతే. ఇంటికొచ్చాక మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడానికి మా తమ్ముడు మొబైల్ లైట్ వేశాడు.

పోస్టర్ గురించి నా బాధ పూర్తిగా పోలేదు, అది కూడా రాయాలి. నేను చూసిన తెలుగు హారర్‌లో ముస్లిం ఆడపిల్ల కనిపించిన మొదటి పెద్ద పాత్ర దెయ్యం కావడం నాకు ముల్లులాగే ఉంది. సినిమా మాత్రం గొప్పగా ఉంది. రెండూ నిజమే.

నేలక్లాసు | శనివారం, రాత్రి 9:50

భాయ్, మీరు రాసిన ఆ దిష్టి, ఆ దువా, రెండూ నిన్నటి సినిమాలో ఒక్క షాట్ ఉన్నా నేను ఈ పోస్టు పెట్టేవాణ్ణి కాదు.

జోగిపేట్‌టీచర్ | ఆదివారం, ఉదయం 8:10

నేను మెదక్ వైపు ఇరవై రెండేళ్ళు హైస్కూల్లో పాఠం చెప్పి, ఇప్పుడు ఈసీఐఎల్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ అందరూ 'మన నమ్మకాలు సినిమాలో ఉండాలి' అంటున్నారు. ఆ మాట వింటే నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది. ఎందుకో వినండి.

బాణామతి, చేతబడి, చిల్లంగి అని మీరు సినిమాలో చూసే మాటలు మా ఊళ్ళలో మనుషుల ప్రాణాలు తీశాయి. ఎవరి పశువు చచ్చినా, ఎవరి పిల్లకి మూర్ఛ వచ్చినా, ఊరి చివర ఉండే ఒంటరి ముసలమ్మ మీదో, పేదింటి మొగుడూ పెళ్ళాల మీదో వేలు చూపిస్తారు. కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, కాల్చి చంపారు. పేపర్లలో ఎన్నిసార్లు వచ్చిందో మీకూ తెలుసు. నా క్లాసులో ఒక పిల్ల ఉండేది, బాగా చదివేది. వాళ్ళ నాయనమ్మ మీద ఇలాంటి మాట పుట్టింది. ఒక సోమవారం నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. కుటుంబం రాత్రికి రాత్రి ఊరు వదిలేసి వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు.

'మా ఊరి పొలిమేర' 2021లో ఓటీటీలో వచ్చింది, రెండో భాగం 2023లో హాల్లో ఆడింది. అదే ఏడాది 'విరూపాక్ష'. రెండూ కూర్చోబెట్టి చూపించాయి, కాదనను. 'విరూపాక్ష' మొదలయ్యేదే చేతబడి అనుమానంతో ఊరు ఒక జంటను చంపడంతో. ఆ మొదటి ఘట్టంలో నాకు దెయ్యం కంటే ఊరి మూకే ఎక్కువ భయం వేసింది. సినిమా అక్కడే ఇంకాసేపు నిలబడి ఉంటే బాగుండేదని నా కోరిక. మహారాష్ట్రలో 2013లో చేతబడి పేరుతో చేసే హింస మీద చట్టం వచ్చింది, కర్ణాటకలో 2017లో వచ్చింది. సినిమా తీసేవాళ్ళు ఒక్కసారి అలాంటి కేసు కాగితాలు చదివి స్క్రిప్టు రాయాలి.

క్లాప్‌బోర్డు | ఆదివారం, ఉదయం 11:25

టీచర్ గారికి నమస్కారం. మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఆరేళ్ళుగా అసిస్టెంట్ డైరెక్టర్‌ని, నా దగ్గర ఒక హారర్ స్క్రిప్టు ఉంది. ఊరు, అనుమానం, మూక, మీరు చెప్పిన దాని చుట్టూనే. మీకు అభ్యంతరం లేకపోతే మెసేజ్ చేస్తాను, చదివి తప్పులు చెప్పండి.

రీమేకులు ఎందుకు ఆగవో నా వైపు నుంచి చెబుతాను. కథ చెప్పడానికి వెళితే మొదటి ప్రశ్న "దీనికి రిఫరెన్స్ ఏంటి?" భయం అనేది మాటల్లో చెబితే అందదు కదా. "ఆమె వంటింట్లోకి వెళుతుంది, ఎవరూ ఉండరు" అని నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని చెబితే ఎవరికి భయం వేస్తుంది? కామెడీ చెబితే నవ్వుతారు, ఫైట్ చెబితే ఊహించుకుంటారు. హారర్ అలా కాదు, తీసి చూపించాలి. రీమేక్ అయితే ఆ తీసిన సినిమా ముందే ఉంది. ప్రొడ్యూసర్ లైట్లు ఆర్పి టీవీలో చూస్తాడు, ఇంట్లో వాళ్ళకి చూపిస్తాడు, వాళ్ళు అరుస్తారు, రైట్స్ కొంటాడు. ఆయన్ని తప్పు పట్టలేను, డబ్బు ఆయనది.

ఇంకోటి సెన్సార్. గట్టిగా భయపెడితే 'ఏ' సర్టిఫికెట్ వస్తుంది. ఏ వస్తే టీవీలో అలాగే వేయడం కుదరదు, కత్తిరించి మళ్ళీ యూ/ఏ తెచ్చుకోవాలి. శాటిలైట్ డబ్బుల లెక్క అక్కడే మారిపోతుంది. అందుకని స్క్రిప్టు దశలోనే "పాప ఉంది కదా, ఆ సీన్ తీసెయ్" అంటారు, కామెడీ ట్రాక్ పెట్టమంటారు. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక మా అందరి స్క్రిప్టుల్లోకీ ఒక భయపడే కమెడియన్ బలవంతంగా వచ్చి కూర్చున్నాడు. పదేళ్ళు కదల్లేదు.

బోడుప్పల్‌అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 1:00

బాబూ, ఆ కమెడియన్‌ని మరీ అంత మాట అనకు. నాకు ఇద్దరు పిల్లలు. నవ్వు లేని దెయ్యం సినిమాకి వాళ్ళని తీసుకెళ్ళలేను. 'ఆనందో బ్రహ్మ'లో దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడతాయి, ఎంత చక్కటి ఆలోచన! 2017లో మా ఇంటిల్లిపాదీ చూశాం. మహి వి. రాఘవ్ రాసుకున్న కథ, తమిళంవాళ్ళే 2019లో 'పెట్రోమాక్స్' అని రీమేక్ చేసుకున్నారు. 'ప్రేమకథా చిత్రమ్' కూడా తమిళంలో 'డార్లింగ్' అయింది. మన దగ్గర నుంచి కూడా బయటికి వెళుతున్నాయని మరిచిపోకండి.

క్లాప్‌బోర్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:12

ఒప్పుకుంటున్నాను అమ్మా. 'ఆనందో బ్రహ్మ'లో నవ్వు కథలోంచి పుట్టింది. నా బాధ తర్వాత అతికించిన వాటి గురించే.

సబ్‌టైటిల్‌పిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 3:30

మొన్న నేను హారర్ రీమేకులకి కాలం చెల్లిందని రాశాను. అక్క గారి పోస్టు చూశాక నా లిస్టు నేనే మళ్ళీ తిరగేశాను. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జాన్ కార్పెంటర్ 'ది థింగ్' 1982లో వచ్చింది. అదే కథతో 1951లోనే ఒక సినిమా ఉంది. పాతదాంట్లో మంచులో ఒక రాక్షసుడు దొరుకుతాడు. కార్పెంటర్ మూలకథలోకి తిరిగి వెళ్ళి, మనలో ఎవరి రూపంలోనైనా ఉండొచ్చు అన్న భయాన్ని బయటికి తీశాడు. వచ్చినప్పుడు ఆడలేదు, ఇప్పుడు అందరూ నెత్తిన పెట్టుకుంటారు. క్రోనెన్‌బర్గ్ 'ది ఫ్లై' 1986లో అంతే. 1958 నాటి ఈగ తల మనిషిని పక్కనపెట్టి, మెల్లగా కుళ్ళిపోయే ఒంటిని చూపించాడు. ప్రేమించిన మనిషి రోగంతో కళ్ళముందే కరిగిపోవడం అది. నేను చూసినప్పుడు మా తాతయ్య ఆస్పత్రిలో ఉన్నాడు, ఆ సినిమా సగంలో ఆపేసి, రెండు నెలల తర్వాత మిగతాది చూశాను.

దీనికి ఎదురుగా 1998లో 'సైకో'. హిచ్‌కాక్ 1960లో తీసిన షాట్లనే దాదాపు ఒక్కొక్కటిగా రంగుల్లో మళ్ళీ తీశారు. అదే స్క్రిప్టు, అదే సంగీతం. భయం మాత్రం రాలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? జపాన్ 'జు-ఆన్' తీసిన తకాషి షిమిజునే అమెరికావాళ్ళు పిలిచి 2004లో 'ది గ్రడ్జ్' తీయించారు. ఆయన ఇంటిని టోక్యోలోనే ఉంచి అమెరికా మనుషుల్ని అక్కడికి తీసుకొచ్చాడు. దెయ్యాన్ని ఇల్లు మార్చలేదు. అక్క చెప్పిందీ ఇదే కదా, కొంచెం వేరే దారిలో.

మన దేశంలో దగ్గరి ఉదాహరణ గుజరాతీ 'వశ్', 2023. మరుసటి ఏడే హిందీలో 'షైతాన్'. జానకీ బోడీవాలా రెండింటిలోనూ అదే పాత్ర చేసింది. నేను రెండూ చూశాను. ఒకే అమ్మాయి, ఒకే బాధ, కానీ గుజరాతీలో ఆ ఇల్లు నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. నాకు గుజరాతీ ఒక్క ముక్క రాదు.

హుస్సేనీఆలం | ఆదివారం, మధ్యాహ్నం 3:45

మరి 'అరుంధతి' బెంగాలీలో చేశారుగా, ఎవరైనా చూశారా?

మలక్‌పేట్‌అక్క | ఆదివారం, సాయంత్రం 4:20

నేను చూడలేదు బాబూ. కానీ 2009 నాటి మన 'అరుంధతి'లో సగం ప్రాణం గొంతులో ఉంది. సోనూ సూద్‌కి డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గారి గొంతు. ఆ తర్వాత ఆయనకి 'బొమ్మాళి' అనేది ఇంటిపేరైపోయింది. ఆ పిలుపులో ఉన్న తెలుగుని ఇంకో భాషలోకి ఎలా తీసుకెళతారు? బనగానపల్లెలో నవాబు బంగళాని ఇప్పటికీ జనం అరుంధతి కోట అని చూడటానికి వెళుతున్నారు. కోడి రామకృష్ణ గారు ఆ కథకి గద్వాల గాలి పోశారు.

జోగిపేట్‌టీచర్ | ఆదివారం, సాయంత్రం 7:00

క్లాప్‌బోర్డు గారూ, స్క్రిప్టు పంపండి, చదువుతాను. ఒక్క మాట ముందే. మా ఊళ్ళలో తొంభైల్లో తలుపుల మీద సుద్దతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవాళ్ళు. పగలు నవ్వుకునేవాళ్ళే రాత్రికి సుద్దముక్క వెతుక్కునేవాళ్ళు. మా ఇంటి తలుపు మీద నేనే రాశాను, అప్పటికే నేను సైన్సు టీచర్‌ని. మా ఆవిడ నిండు గర్భిణి, ఆమె రాయమంటే రాశాను. భయం అలా వస్తుంది. ఆ మనిషిని మీ స్క్రిప్టులో పెట్టండి.

నేలక్లాసు | మంగళవారం, రాత్రి 12:50

మిక్సింగ్‌రూమ్ గారి మాట మీద ఈ రోజు అదే సినిమాకి మళ్ళీ వెళ్ళాను, మల్కాజిగిరి వైపు ఒక సింగిల్ స్క్రీన్‌కి. షోకి పావుగంట ముందు వెళ్ళి మేనేజర్‌ని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, పైకి తీసుకెళ్ళి ఆపరేటర్‌కి అప్పజెప్పారు. అరవై దాటిన మనిషి. "ఫేడర్ గురించి అడిగినవాళ్ళు నాకు గుర్తులేదు బాబూ" అన్నాడు. 5 మీద ఉంది. 6.5 చేసి, "మొదటి రీలు చూసి చెప్పు, ఎక్కువైతే తగ్గిస్తా" అన్నాడు. ఇప్పుడు రీళ్ళు లేవు, ఆయన నోట్లో ఇంకా రీలే ఉంది.

సినిమా మారలేదు. ఆ మంత్రగాడు నన్ను ఈసారీ భయపెట్టలేదు, ఫ్లాష్‌బ్యాక్ పరాయి ఇంటిదే. కానీ ఫస్టాఫ్‌లో ఒక సీన్ ఉంది. కూకట్‌పల్లిలో అది ఉందని కూడా నాకు తెలియలేదు. తల్లి బెడ్‌రూమ్‌లో బట్టలు మడతపెడుతూ ఉంటుంది. వంటింట్లోంచి కుక్కర్ విజిల్ వస్తుంది, చాలా దూరంగా. ఆమె పట్టించుకోదు. రెండోది వస్తుంది. మూడోది రాగానే అలవాటుగా లేచి స్టవ్ ఆపడానికి వెళుతుంది. స్టవ్ మీద ఏమీ లేదు. కుక్కర్ కడిగి బోర్లించి ఉంది. అంతే, దెయ్యం రాలేదు, ధడేల్ లేదు. ఆమె ఆ కుక్కర్ని చేత్తో ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

హాల్లో నలభై మంది కూడా లేరు. ఒక్కరు కదల్లేదు. నా వెనక కూర్చున్నావిడ "అమ్మో" అంది, మెల్లగా.

సబ్‌టైటిల్‌పిచ్చి | మంగళవారం, రాత్రి 1:05

అన్నా, ఆ సీన్ ఒరిజినల్‌లో లేదు. ఇక్కడివాళ్ళు రాసుకున్నదే.

క్లాప్‌బోర్డు | మంగళవారం, రాత్రి 1:09

ఆ సినిమా అసిస్టెంట్లలో ఒకతను నాకు తెలుసు. ఈ పోస్టు పొద్దున్నే అతనికి చూపిస్తాను.

నేలక్లాసు | బుధవారం, ఉదయం 9:30

పొద్దున మా ఇంట్లో పప్పు కుక్కర్ పెట్టారు. పేపర్ చదువుకుంటున్నాను. రెండో విజిల్‌కే లేచి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ పొయ్యి పక్కనే నిలబడి ఉంది, "ఏమైంది?" అని అడిగింది. స్టవ్ మీద కుక్కర్ ఉందో లేదో చూడటానికి వచ్చానని చెప్పాను.